గుండె కోసం పుట్టిన బిళ్ల గుండె రోగికి ఎందుకు వద్దు?

మందుల మీద పాఠకుల ప్రశ్నలకు విశాఖపట్నంలో ఉంటున్న విశ్రాంత ఫార్మకాలజీ అధ్యాపకురాలి జవాబులు. ఉత్తరాలు రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: నమస్కారం మేడమ్. నాకు 61 ఏళ్లు. స్టీల్ ప్లాంట్‌లో పనిచేసి రిటైరయ్యాను, గాజువాకలో ఉంటాం. షుగర్ చాలా ఏళ్లుగా ఉంది. పోయినేడాది గుండెకు స్టెంట్ వేశారు. నొప్పి వస్తే నాలుక కింద పెట్టుకోమని సార్బిట్రేట్ ఇచ్చారు, అప్పుడప్పుడు వాడుతుంటాను. స్టెంట్‌కు ముందు నుంచే నాకు అంగస్తంభన సరిగా లేదు. ఉక్కునగరంలో నాతో పనిచేసిన స్నేహితుడు వయాగ్రా లాంటి బిళ్లలు రెండు ఇచ్చి, ఇది మొదట్లో గుండె కోసం కనిపెట్టిన మందే, నీకేం భయం లేదు అన్నాడు. డాక్టరు గారిని సిగ్గు విడిచి అడిగితే 'వద్దు' అని ఒక్క మాట అని తర్వాతి పేషెంటును పిలిచారు. గుండె కోసం పుట్టిన మందు గుండె జబ్బు ఉన్నవాడికి ఎందుకు పనికిరాదు? అసలు ఆ కథ నిజమేనా?

జవాబు: ముందు ఆ రెండు బిళ్లలు మీ స్నేహితుడికి ఇవాళే తిరిగి ఇచ్చేయండి. సార్బిట్రేట్ వాడే మనిషి జేబులో ఆ బిళ్ల ఉండకూడదు. కారణం చెప్పకుండా వద్దంటే ఎవరికైనా కష్టంగానే ఉంటుంది. అందుకే మీకు కాస్త వివరంగా రాస్తున్నాను.

మీ స్నేహితుడు చెప్పిన కథ నిజమే, కానీ సగమే. ఇంగ్లండులోని కెంట్ ప్రాంతంలో శాండ్విచ్ అనే చిన్న ఊరు ఉంది. ఫైజర్ కంపెనీ పరిశోధనశాల అక్కడ ఉండేది. 1980ల మధ్యలో అక్కడి రసాయన శాస్త్రవేత్తలు రక్తనాళాలను వదులు చేసే కొత్త మందు కోసం పని మొదలుపెట్టారు. మొదట బీపీ అనుకున్నారు, తర్వాత యాంజైనా, అంటే గుండెకు రక్తం చాలక వచ్చే నొప్పి మీద దృష్టి పెట్టారు. అలర్జీ కోసం ఎవరో ఎప్పుడో తయారుచేసిన జాప్రినాస్ట్ అనే పాత పదార్థాన్ని ఆధారంగా తీసుకుని, దాని అణువులో మార్పులు చేస్తూ పోయారు. అలా 1989లో చేతికొచ్చిన పదార్థానికి యూకే-92,480 అని నంబరు ఇచ్చారు. అదే సిల్డెనాఫిల్, వయాగ్రా బిళ్లలో ఉండే మందు. ఆండ్రూ బెల్, డేవిడ్ బ్రౌన్, నికొలస్ టెరెట్ పేర్లు పేటెంటు మీద ఉన్నాయి.

ఇప్పుడు అది ఏం చేస్తుందో చెప్పాలి, మీ ప్రశ్నకు జవాబు అందులోనే ఉంది. మన రక్తనాళాల గోడల్లో సన్నటి కండరాలుంటాయి. అవి సడలితే నాళం వెడల్పవుతుంది, రక్తం బాగా పారుతుంది. సడలమని చెప్పే సంకేతం నైట్రిక్ ఆక్సైడ్ అనే వాయువు. అది కండరం లోపల సైక్లిక్ జీఎంపీ అనే పదార్థాన్ని పుట్టిస్తుంది, దానితో కండరం వదులవుతుంది. పని అయ్యాక ఆ పదార్థాన్ని విరగ్గొట్టడానికి పీడీఈ-5 అనే ఎంజైము ఉంటుంది. సిల్డెనాఫిల్ ఆ ఎంజైమును అడ్డుకుంటుంది. దాంతో సైక్లిక్ జీఎంపీ త్వరగా తగ్గదు.

మీ సార్బిట్రేట్ నైట్రేట్లు అనే మందుల కోవలోది. అది పనిచేసేదీ ఈ దారిలోనే. అది శరీరంలో నైట్రిక్ ఆక్సైడును వదులుతుంది. అంటే సైక్లిక్ జీఎంపీని ఎక్కువగా పుట్టిస్తుంది. మేడ మీది నీళ్ల ట్యాంకును ఊహించుకోండి. సార్బిట్రేట్ మోటారు వేసి నీళ్లు ఎక్కిస్తుంది, సిల్డెనాఫిల్ కింద నీళ్లు బయటికి పోయే కుళాయి కట్టేస్తుంది. విడివిడిగా అయితే ఫరవాలేదు. రెండూ కలిస్తే ట్యాంకు పొంగిపోతుంది. ఒంట్లో ఆ పొంగు అంటే నాళాలన్నీ ఒకేసారి వదులై బీపీ ఒక్కసారిగా పడిపోవడం. అప్పుడు మెదడుకే కాదు, గుండెకు కూడా రక్తం అందదు. ఇప్పటికే పూడికలున్న గుండెకు అది ప్రాణం మీదికి వస్తుంది. కనిపెట్టినవాళ్లకు ఈ సంగతి పరీక్షల దశలోనే తెలిసింది. అయినా మందు మార్కెట్లోకి వచ్చిన మొదటి నెలల్లోనే రెండూ కలిపి వాడినవారి మరణాలు నమోదయ్యాయి. చనిపోయినవారిలో ఎంతమందికి ఎవరైనా ఈ విషయం విడమరిచి చెప్పి ఉంటారా అని నేను ఇప్పటికీ అనుకుంటుంటాను.

నైట్రేట్ల కథ ఇంకా పాతది. 1879లో లండన్ వైద్యుడు విలియం మరెల్ నైట్రోగ్లిజరిన్ గుండెనొప్పిని తగ్గిస్తుందని రాశారు. అదే పదార్థంతో డైనమైట్ చేసి ధనవంతుడైన ఆల్ఫ్రెడ్ నోబెల్‌కు చివరి రోజుల్లో గుండెనొప్పి వస్తే డాక్టర్లు దాన్నే మందుగా రాశారు. అది ఎలా పనిచేస్తుందో అప్పుడు ఎవరికీ తెలియదు. 1977లో ఫెరిద్ మురాద్ అది నైట్రిక్ ఆక్సైడును వదులుతుందని చూపారు. రక్తనాళం లోపొర నుంచి కండరాన్ని సడలించే ఏదో సంకేతం వస్తోందని 1980లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కనిపెట్టారు. ఆ సంకేతం నైట్రిక్ ఆక్సైడేనని ఆయనా, లూయి ఇగ్నారో విడివిడిగా తేల్చారు. ముగ్గురికీ 1998లో నోబెల్ బహుమతి వచ్చింది. సిల్డెనాఫిల్‌కు అమెరికా అనుమతి వచ్చిందీ అదే ఏడాది, మార్చి 27న.

మళ్లీ మన మందు దగ్గరికి వద్దాం. 1991లో మనుషుల మీద పరీక్షలు మొదలయ్యాయి. గుండెనొప్పి మీద దాని ప్రభావం అంతంతమాత్రం. ఒంట్లో దాని సగం నాలుగు గంటల్లోనే తగ్గిపోతుంది, కాబట్టి రోజుకు మూడుసార్లు వేసుకోవాలి. పైగా నైట్రేట్లతో పడదు. యాంజైనా రోగులందరి దగ్గరా నైట్రేట్ బిళ్లలు ఉండేవే! అంటే గుండె మందుగా అది దాదాపు మూలపడ్డట్టే.

అదే సమయంలో వేల్స్‌లోని మెర్థర్ టిడ్విల్‌లో ఆరోగ్యంగా ఉన్న మగవారికి పది రోజులపాటు ఈ మందు ఇచ్చి చూశారు. ఒకప్పుడు ఇనుప కొలిములకు పేరుపడ్డ పట్టణం అది, తర్వాత పనులు పోయి చితికిపోయింది. డబ్బు అవసరమై పరీక్షలకు వచ్చినవాళ్లు అక్కడ చాలామంది. ఏమైనా ఇబ్బందులున్నాయా అని అడిగితే ఒళ్లునొప్పులు, తలనొప్పితో పాటు కొందరు, అంగస్తంభనలు మామూలుకన్నా ఎక్కువగా వస్తున్నాయి అని చెప్పారు. పరీక్షలు నడిపించిన ఇయాన్ ఆస్టర్లో, తామెవరూ మొదట దాన్ని పెద్దగా పట్టించుకోలేదని తర్వాత రాశారు. కొన్ని రోజులు వరుసగా మింగాక కనిపించిన ఫలితం కదా, బుధవారం వేసుకుంటే శనివారం పనిచేసే బిళ్ల ఎవరికి కావాలి అనుకున్నారట.

అక్కడితో వదిలేసి ఉంటే కథ ముగిసేది. కానీ సరిగ్గా ఆ రోజుల్లోనే ఇగ్నారో, రాజ్‌ఫర్ బృందం అంగస్తంభనకు సంకేతం నైట్రిక్ ఆక్సైడేనని నిరూపించింది. 1992లో ఆ వ్యాసం వచ్చింది. వేల్స్ మగవారు చెప్పిన మాటనూ ఈ కాగితాన్నీ పక్కపక్కన పెట్టినవాళ్లకు విషయం అర్థమైంది. మనసులో కోరిక కలిగినప్పుడు అక్కడి నరాలు నైట్రిక్ ఆక్సైడు వదులుతాయి. షుగర్ వల్లో వయసు వల్లో అది చాలకపోతే, పుట్టిన కాస్తంత సైక్లిక్ జీఎంపీని ఈ మందు నిలబెడుతుంది. అందుకే కోరిక లేకుండా ఊరికే బిళ్ల మింగితే ఏమీ జరగదు. ఇది మన దగ్గర చాలామందికి తెలియని సంగతి.

బ్రిస్టల్‌లో చిన్న పరీక్ష చేశారు. స్వాన్సీలోని మోరిస్టన్ ఆసుపత్రిలో షుగర్ రోగులతో చేశారు. ఒకే బిళ్ల, అవసరానికి గంట ముందు వేసుకున్నా పనిచేసింది. అనుమతికి ముందు 21 పరీక్షల్లో మూడు వేలకు పైగా మగవారు పాల్గొన్నారు. అంగస్తంభన ఎంత బాగుందో కొలవడానికి సరైన పద్ధతి లేకపోతే పదిహేను ప్రశ్నల పత్రం ఒకటి ప్రత్యేకంగా తయారుచేశారు. ఇవాళ మన డాక్టర్లు వాడేదీ అదే. 1998లో అచ్చైన పరీక్షలో మందు వాడినవారి ప్రయత్నాల్లో 69 శాతం ఫలించాయి, ఉత్తుత్తి బిళ్ల వాడినవారిలో 22 శాతం. మీలాంటి షుగర్ ఉన్నవారిలో ఫలితం కొంచెం తక్కువ. 268 మందితో చేసిన పరీక్షలో 56 శాతం మంది మెరుగయ్యామన్నారు.

ఇదంతా 'పొరపాటున దొరికిన మందు' అని అందరూ రాస్తారు. నాకు ఆ మాట నచ్చదు. పొరపాటున జరిగింది ఒక్కటే, మిగతాదంతా ఒకరు సిగ్గుపడకుండా చెప్పడం, ఇంకొకరు నవ్వకుండా రాసుకోవడం. నేను పాఠం చెప్పిన రోజుల్లో వార్డుకు వెళ్లి కేస్ షీట్లు చూసేదాన్ని. షుగర్ పేషెంటు కళ్లు, కాళ్లు, కిడ్నీలు అన్నీ రాసి ఉండేవి. ఈ విషయం రాసి ఉండేది కాదు. పేషెంటు చెప్పలేదు, కుర్ర డాక్టరు అడగలేదు. పల్లెల నుంచి వచ్చిన పెద్దమనుషులు 'నరాల బలహీనత' అనేవారు. దానికి బి-కాంప్లెక్స్ రాసి పంపేసేవారు. ఎన్ని వందల మందికి అలా జరిగిందో తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

మీ విషయంలో ఆ మౌనం ఇంకో నష్టం కూడా చేసింది. స్టెంట్‌కు ముందే ఈ ఇబ్బంది మొదలైందని రాశారు. అంగానికి రక్తం తీసుకెళ్లే నాళాలు ఒకటి రెండు మిల్లీమీటర్లే ఉంటాయి, గుండె నాళాలు మూడు నాలుగు మిల్లీమీటర్లు. పూడిక మొదలైతే సన్ననివి ముందు మూసుకుంటాయి. కాబట్టి కొందరిలో గుండెనొప్పి రావడానికి కొన్నేళ్ల ముందే ఈ లక్షణం కనిపిస్తుంది. యాభై దాటిన మగవారు, ముఖ్యంగా షుగర్, బీపీ ఉన్నవారు దీన్ని వయసు మీద తోసేయకుండా గుండె పరీక్ష చేయించుకోవాలి.

ఇక మీరు చేయాల్సింది. మీ గుండె డాక్టరు దగ్గరికి మళ్లీ వెళ్లండి. ఆయన తీరిక లేక అలా అన్నారేమో. ఈసారి రాసుకుని వెళ్లండి. సార్బిట్రేట్ నాకు ఇంకా అవసరమా, దాని బదులు నైట్రేట్ కాని మందు ఇవ్వగలరా అని అడగండి. నికొరాండిల్ అనే బిళ్ల కూడా వాడుతుంటే చెప్పండి, దానికీ ఇదే నిషేధం వర్తిస్తుంది. ప్రోస్టేట్ కోసం టామ్సులోసిన్ లాంటివి వాడుతున్నా చెప్పండి. స్టెంట్ ఉన్న ప్రతి ఒక్కరికీ సిల్డెనాఫిల్ నిషేధం కాదు. నైట్రేట్లు వాడనివారు, రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగినవారు డాక్టరు సలహాతో వాడుతున్నారు. కానీ మీ అంతట మీరు సార్బిట్రేట్ మానేసి ఇది మొదలుపెట్టవద్దు. ఇది కుదరదంటే యూరాలజిస్టు దగ్గర వేరే దారులున్నాయి. అంగంలోకి ఇచ్చే ఆల్ప్రోస్టాడిల్ ఇంజక్షన్ ఉంది, వాక్యూమ్ పంపు ఉంది. ఇంజక్షన్‌తో స్తంభన తెప్పించవచ్చని 1983లో లాస్ వేగాస్ వైద్య సభలో గైల్స్ బ్రిండ్లీ అనే ప్రొఫెసర్ తన మీదే ప్రయోగించుకుని చూపించారు. ఇది మనసు జబ్బు మాత్రమే అని కొట్టిపారేసే రోజుల్లో ఆయన చేసిన సాహసం అది. ఆయన మీద నాకు చాలా గౌరవం.

ఇంకొకటి, ఇది చదివే అందరికీ: ఈ బిళ్ల వేసుకున్నాక గుండెనొప్పి వస్తే ఆసుపత్రిలో మొట్టమొదట ఈ మాటే చెప్పాలి. సిల్డెనాఫిల్ అయితే 24 గంటలు, అదే కోవకు చెందిన టడలఫిల్ అయితే 48 గంటలు నైట్రేట్ ఇవ్వకూడదు. స్తంభన నాలుగు గంటలు దాటి తగ్గకపోతే ఎమర్జెన్సీకి వెళ్లాలి.

ప్రశ్న: మా వారు షుగర్ పేషెంటు. ఆయన ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర ఎవరో ఇచ్చిన మూలికల పొడి వాడుతున్నారు. వేసుకున్న రోజు ముఖం ఎర్రబడుతోంది, తలనొప్పి అంటున్నారు. మూలికలే కదా, నష్టం ఉండదంటారు. నేను అడిగితే కోప్పడతారు. ఏం చేయాలి? (మధురవాడ నుంచి ఒక గృహిణి)

జవాబు: అమ్మా, మీ అనుమానం సరైనదే. ముఖం ఎర్రబడటం, తలనొప్పి, ముక్కు దిబ్బడ, కడుపులో మంట సిల్డెనాఫిల్ వేసుకున్నప్పుడు వచ్చేవి. కొందరికి చూపులో నీలిరంగు ఛాయ కూడా కనిపిస్తుంది, కంటి రెటీనాలో దీనికి దగ్గరి ఎంజైము ఉండటం వల్ల. మూలికలని అమ్మే పొడుల్లో చెప్పకుండా సిల్డెనాఫిల్ కలిపినట్టు అనేక దేశాల ఔషధ నియంత్రణ సంస్థల తనిఖీల్లో మళ్లీమళ్లీ బయటపడింది. ఎంత కలిపారో అమ్మినవాడికే తెలియదు. మీ వారు రేపు గుండెనొప్పితో ఆసుపత్రికి వెళ్తే, నేను ఏ ఇంగ్లీషు మందూ వాడలేదు అని నమ్మకంగా చెబుతారు. డాక్టరు నైట్రేట్ ఇస్తారు. ఏం జరుగుతుందో పై జవాబులో చదివారు కదా.

ఇలాంటి సమస్యలకు మందులంటూ ప్రకటనలు ఇవ్వడం మన దేశంలో 1954 చట్టం ప్రకారం నేరం. అయినా గోడల మీద రాతలు ఆగలేదు. కోప్పడతారని ఊరుకోకండి. ఈ పేజీ ఆయన చదివేలా టేబుల్ మీద పెట్టండి. మీరిద్దరూ కలిసి డాక్టరు దగ్గరికి వెళ్లగలిగితే ఇంకా మంచిది. ఇది ఇద్దరి సంసారానికి సంబంధించిన విషయం, అడిగే హక్కు మీకుంది.

ప్రశ్న: నేను బి.ఫార్మసీ చదువుతున్నాను. కనిపెట్టింది విదేశీ కంపెనీ అయితే మన కంపెనీలు అంత చవగ్గా ఎలా అమ్మగలిగాయి? ఫైజర్‌కు మన పరవాడలో ఫ్యాక్టరీ ఉంది కదా, అక్కడ చేస్తారా? (చినవాల్తేరు)

జవాబు: పరవాడ ఫార్మా సిటీలో ఉన్నది ఇంజక్షన్ల ప్లాంటు. హాస్పిరా అనే కంపెనీని 2015లో కొన్నప్పుడు అది ఫైజర్‌కు వచ్చింది. చవకకు కారణం మన 1970 పేటెంటు చట్టం. దాని కింద మందు తయారుచేసే పద్ధతికే పేటెంటు, మందుకు కాదు. మన రసాయన శాస్త్రవేత్తలు వేరే పద్ధతిలో అదే అణువును తయారుచేశారు. 2005లో చట్టం మారింది కానీ ఈ మందు అంతకు చాలా ముందుది. మామూలు మనిషికి ఈ వైద్యం అందుబాటులోకి వచ్చిందంటే ఆ చట్టం చలవే అని నా గట్టి నమ్మకం. లండన్ కోర్టు కూడా 2000లో, ఈ మందును స్తంభన సమస్యకు వాడటం మీద ఫైజర్‌కు ఉన్న పేటెంటును కొట్టేసింది. నైట్రిక్ ఆక్సైడ్ మీద అప్పటికే అచ్చైన వ్యాసాలు చదివినవారికి ఆ ఆలోచన తట్టేదే అని జడ్జి తీర్పు. ఆ తీర్పు వెతికి చదవండి, ఫార్మకాలజీ పాఠం లాగే ఉంటుంది.

ప్రశ్న: మా మనవరాలు పుట్టగానే ఊపిరి అందక పిల్లల ఐసీయూలో పెట్టారు. ఇప్పుడు ఇంటికి పంపారు. రాసిన మందుల్లో సిల్డెనాఫిల్ ఉంది. మా అబ్బాయి ఫోన్లో వెతికి చూసి కంగారు పడిపోయాడు. మందు మార్చి ఇచ్చారేమోనని ఇంట్లో అందరికీ టెన్షన్. పసిబిడ్డకు ఆ మందేమిటమ్మా? (కంచరపాలెం నుంచి ఒక నానమ్మ)

జవాబు: అమ్మా, మందు మారలేదు. ధైర్యంగా ఉండండి. కడుపులో ఉన్నంతకాలం బిడ్డ ఊపిరితిత్తులకు పని ఉండదు, వాటి రక్తనాళాలు బిగుసుకుని ఉంటాయి. పుట్టి ఏడవగానే అవి తెరుచుకోవాలి. కొందరు పిల్లల్లో తెరుచుకోవు, రక్తానికి ఆక్సిజన్ అందదు. పీడీఈ-5 ఎంజైము ఊపిరితిత్తుల నాళాల్లో బాగా ఉంటుంది. అందుకే ఈ మందు ఆ నాళాలను వదులు చేయగలదు. నైట్రిక్ ఆక్సైడు వాయువునే పీల్పించే వైద్యం కూడా ఉంది కానీ అది ఖరీదు, ప్రత్యేక యంత్రం కావాలి. ఊపిరితిత్తుల బీపీ ఉన్న పెద్దవారికి 2005లో ఇదే మందును రెవాషియో అనే పేరుతో, 20 మిల్లీగ్రాముల మోతాదులో అమెరికా అనుమతించింది. 1 నుంచి 17 ఏళ్ల పిల్లలకు యూరప్ 2011లో అనుమతి ఇచ్చింది. పుట్టిన పిల్లలకు మన డాక్టర్లు బరువు చూసి లెక్కకట్టి, బీపీ గమనిస్తూ ఇస్తారు. మొదట గుండె కోసమని మొదలుపెట్టిన మందు, చివరికి మీ మనవరాలి ఊపిరితిత్తులకు ఉపయోగపడుతోందంటే నాకు ఎంతో సంతోషంగా ఉంది.

మీ అబ్బాయికి చెప్పండి, భయపడి మధ్యలో ఆపకూడదు. ఒక్కసారిగా ఆపితే నాళాలు మళ్లీ బిగుసుకోవచ్చు. సీసా బాగా కుదిపి, వాళ్లిచ్చిన సిరంజితోనే కొలిచి పోయండి. చెంచా లెక్క వద్దు. మందు వేశాక పాప కక్కితే మళ్లీ వేయకుండా ముందు డాక్టరుకు ఫోన్ చేయండి. పెదాలు నీలంగా మారినా, పాలు తాగుతూ ఆయాసపడినా, మరీ మగతగా ఉన్నా రేపటిదాకా ఆగకుండా తీసుకెళ్లండి. పిల్లల మోతాదులో ఈ మందు అన్ని షాపుల్లో ఉండదు. సీసా సగం అవగానే కేజీహెచ్ డౌన్‌లో పెద్ద మెడికల్ షాపుల్లో చీటీ చూపించి ముందే తెప్పించి పెట్టుకోండి.